ఎలుకలు తిన్న విత్తనం

ఏటా చైత్రం రాగానే నేను ఎలుకలను తిట్టేదాన్ని. పొయ్యి మీద దూలానికి వేలాడే సొరబుర్రలో చోడి విత్తనం, అదే రాగులు, దాచుకుంటాను. పండుగ ముందు దించి చూస్తే గుప్పెడంత తగ్గి ఉండేది. "మీ మూతులు కాల! ఊరంతా ఉండగా నా కొంపే దొరికిందేటి?" అని అటక వైపు అరిచేదాన్ని. ఆ ఇంట్లో నా అరుపు వినడానికి ఎలుకలు తప్ప ఇంకెవరున్నారు కనుక?

ఇటుకల పండుగకు మా కొండ ఊళ్ళో ఇంటింటి విత్తనమూ తెచ్చి శంకుదేవుడి రాళ్ళ దగ్గర ఒకే గంపలో పోస్తారు. మా పూజారి దిశారి దాన్ని కలిపి, పూజ చేసి, తలా దోసెడు పంచుతాడు. ఆ దోసెడు కలుపుకున్నాకే ఎవరైనా విత్తేది. గంపలో గింజ పడని ఇల్లు ఊళ్ళో లేనట్టే. నా గింజ పడక చాలా ఏళ్ళయింది. నేను కలపని గింజే విత్తుకునేదాన్ని.

ఎందుకో ఊరందరికీ తెలుసు. ఆ పొద్దున నేనూ, నా తోడికోడలు యర్రమ్మక్కా మెట్ట చేలో కలుపు తీస్తున్నాం. కూంబింగుకు బలగాలు వస్తున్నాయని మగవాళ్ళంతా అప్పటికే అడవిలోకి పోయారు. యూనిఫాం వేసుకున్నవాళ్ళు తుపాకులతో చేలోకి దిగి, అన్నలకు అన్నం పెట్టింది ఎవరని అడిగారు. తెలియదన్నాం. నన్నొక బండ చాటుకి, అక్కనొక బండ చాటుకి ఈడ్చుకుపోయారు. నన్ను చెరిచారు. ఈ మాట నేను నాన్చి చెప్పను. స్టేషన్లో చెప్పాను, డాక్టరమ్మకు చెప్పాను, కోర్టులో చెప్పాను. అక్క మాత్రం, చెయ్యి పట్టుకుని లాగారంతే, ఇంకేమీ జరగలేదు అంది.

పరాయివాడు ముట్టిన ఆడదాన్ని కులంలో కలుపుకోవాలంటే శుద్ధి చెయ్యాలి. పసుపునీళ్ళు చల్లి, పందిని కోసి, ఊరికి భోజనం పెట్టాలి. చెయ్యి పట్టుకున్నందుకే మా బావ అక్క పేరున పెట్టేశాడు. నన్నూ పెట్టమన్నారు. "ఆళ్ళు సేసినదానికి నేనెందుకు పందిని కొయ్యాల? ఆళ్ళని తెచ్చి కోయించండి," అన్నాను.

అంతే. ఊట దగ్గర అందరూ ముంచుకున్నాక నా వంతు. నా కుండలోది ఎవరూ ముట్టరు. నా మొగుడు సుక్రు పగలంతా నాతో చేలో పని చేస్తాడు, కూటి వేళకు వాళ్ళన్న ఇంటికి పోతాడు, అక్కడి అరుగు మీదే పడుకుంటాడు. మంచివాడే. ఆ మంచితనాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియదు. అక్క ఉండేది పక్కింట్లోనే అయినా ఎదురుపడితే తల దించుకుని పోయేది. పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉండేదాన్ని. ముద్ద కలిపినప్పుడు మాత్రం ఏడుపు వచ్చేది.

ఈ ఏడు కోర్టు తీర్పు చెప్పింది. నేరం రుజువు కాలేదట, అందరినీ వదిలేశారు. ఊరి పెద్ద సోంబరు మావ వచ్చి నా వాకిట్లో దూరంగా నిలబడ్డాడు.

"కేసయిపోనాది కదా రత్నా. ఇంకెందుకు పంతం? శుద్ధి సేసీసి కలిసిపో."

"జరిగినట్టు రుజువు నేదని కోర్టు సెప్పింది కదా మావా! జరగనిదానికి శుద్ధేటి?"

మావ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. గెలిచానని నాకేమీ సంతోషం కలగలేదు.

పండుగనాడు బుర్ర చంకన పెట్టుకుని శంకుదేవుడి దగ్గరికి వెళ్ళాను. గింజ పొయ్యకుండా తిరిగి రాకూడదనుకున్నాను. నన్ను చూసి ఆడవాళ్ళు పక్కకు జరిగారు. దిశారి గంప మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీది పడితే గంపంతా మైలయిపోద్ది. ఎల్లిపో."

నేను కదల్లేదు. సుక్రు నేల చూస్తున్నాడు.

"దాని గింజ ఏటేటా గంపలో పడతానే ఉంది," అన్నారెవరో. తిరిగి చూస్తే యర్రమ్మక్క.

"అది సేలోకెల్లినప్పుడు దాని బుర్రలోంచి గుప్పెడు తీసి, నా దాంట్లో కలిపి నేనే పోత్తన్నాను. ఈ ఏడూ పోసినాను. ఇన్నేళ్ళూ మీరు తిన్నది అదే. మైలయితే అందరికీ ఎప్పుడో అయిపోనాది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది. "దాన్ని సెరిసినట్టే నన్నూ సెరిసినారు. పందిని కోసినా అది పోనేదు."

"నోర్ముయ్యే! ఇంక నా గుమ్మం తొక్కకు!" అని మా బావ అరిచాడు. అక్క అటు చూడనైనా లేదు.

నాకు ఆనందం కలగాలి కదా? ఒళ్ళు మండిపోయింది.

"గింజలు మొయ్యడానికి సేతులొచ్చాయి గానీ, మాట సెప్పడానికి నోరు రానేదా అక్కా? కోర్టులో సెప్పుంటే? పోనీ నా గుమ్మంలోకొచ్చి నాకైనా సెప్పుంటే? ఎలకలనుకున్నాను!"

"బయమేసింది," అంది అక్క.

దిశారి గంపలోకి చూశాడు. అన్నీ ఒకే రంగు గింజలు, నాదేదో ఎవడు ఏరగలడు? సోంబరు మావ కొండ వైపు చూశాడు.

"మబ్బేసింది. ఇది పారబోసీసి రేపు ఏటి ఇత్తుతాం? బేగి పంచండి."

న్యాయం గుర్తొచ్చి కాదు, విత్తనం పోతుందని. అది నాకు తెలుసు. అయినా దిశారి చెయ్యి తీశాడు. అందరూ చూస్తుండగా నా బుర్ర వంచి అడుగు దాకా పోశాను.

ఇంటికి వస్తుంటే అక్క నా వెనకే వచ్చింది. గుమ్మంలో ఆగింది.

"అంబలుందేటి?"

నా కోపం ఇంకా చల్లారలేదు. పొమ్మందామనే అనుకున్నాను.

"ఒక్కదానికే కాసినాను," అన్నాను.

"సగమియ్యి."

ఆకు డొప్పలో పోసిచ్చాను. పొయ్యి పక్కన కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని తాగింది. గుటక వేసిన చప్పుడు వినపడింది. ఆ ఇంట్లో నేను కాక ఇంకో మనిషి గుటక వేయడం విని ఎన్నేళ్ళయిందో. అప్పుడు ఏడ్చాను.