దర్జీపిట్ట కుట్టు

నాచారంలోని ఆ చొక్కాల కంపెనీలో సారలమ్మది ఎనిమిదేళ్లుగా ఒకటే పని. కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించడం. మిషన్ మీద ఆమెను ఎవరూ కూర్చోబెట్టలేదు, ఆమె అడగనూ లేదు.

కిటికీ పక్క బాదం కొమ్మకు ఓ చిన్న పిట్ట గూడు కడుతుంటే, దాని పేరు దర్జీపిట్ట అని సూపర్‌వైజర్ ఫణీంద్రే చెప్పాడు. ముక్కుతో ఆకులకు చిల్లులు పెట్టి, పత్తిపోగు దూర్చి కుడుతుందట, అందుకే ఆ పేరు. ఇక చూడాలి సారలమ్మ సంబరం. "మన పనే సార్ గిది" అంటూ, కత్తిరించిన పాలిస్టర్ దారాలు రోజూ గుప్పెడు కిటికీలో పెట్టింది. పెట్టమని ఎవరడిగారమ్మా?

పత్తిపోగు లాగితే తెగుతుంది. పాలిస్టర్ తెగదు. పిట్ట ఆ దారాలతోనే గూడు కుట్టింది, నెల తిరిగేసరికి అందులో మూడు పిల్లలు. ఇవాళ మధ్యాహ్నం అన్నాల వేళకు గూట్లోంచి ఓ పిల్ల తలకిందులుగా వేలాడుతోంది, కాలికి నీలం దారం బిగుసుకుని. తల్లి అరుస్తూ కొమ్మకొమ్మకూ ఎగురుతోంది.

సారలమ్మ పరుగెత్తింది. స్టూలెక్కింది, ఫణీంద్ర కదలకుండా పట్టుకున్నాడు. పిల్ల కాలు అగ్గిపుల్లలో సగం లేదు. ఊపిరి బిగబట్టి దారం కత్తిరించి, పిల్లను గూట్లో పెట్టింది.

"హమ్మయ్య. ఇక దిగండి" అన్నాడు ఫణీంద్ర.

"ఎట్ల దిగాలె సార్? గూడంత గీ దారంతోనే కుట్టింది. ఉంచితే మిగిలిన రెండిటికీ గిదే గతి. తీస్తే గూడే ఊడి పడ్తది." ఒక్కో కుట్టునూ వేలితో తడిమింది. "జర సన్న సూది, నూలు దారం పట్కరాండ్రి."

పిట్ట పొడిచిన చిల్లుల్లోంచే సూది దూర్చింది. కొత్త కుట్టు వేయడం, పక్కనున్న పాతది తీయడం. పదకొండు కుట్లు. అన్నాల వేళ అయిపోయిందని బెల్లు మోగినా, చుట్టూ చేరిన పనివాళ్లెవరూ కదల్లేదు.

దిగాక అసలు భయం పట్టుకుంది. తల్లి ఇక రాకపోతే? చాలాసేపటికి వచ్చింది. కొత్త కుట్టును ముక్కుతో రెండుసార్లు లాగి చూసింది. ఊడలేదు. లోపలికి దూరింది.

కిటికీలో మిగిలిన దారాలన్నీ కొంగులోకి ఊడ్చుకుంటూ సారలమ్మ ఏడ్చేసింది.

"ఇంత బాగా కుట్టడం వచ్చని ఎప్పుడూ చెప్పలేదేంటండీ?" అన్నాడు ఫణీంద్ర.

"గా పిట్టను గూడ ఎవ్వలు అడగలే సార్. కుట్టింది, దర్జీ అని పేరొచ్చింది."

కళ్లు తుడుచుకుని, తన కత్తెర బల్ల దాటి వెళ్లి, ఖాళీగా ఉన్న మిషన్ ముందు కూర్చుంది.