శ్రావణంలో నూడుల్స్

శ్రావణమాసం రాగానే మా ఆయన వీరేశానికి భక్తి ముంచుకొచ్చింది. మాంసం సరే, ఇంట్లోకి గుడ్డు కూడా రాకూడదని హుకుం జారీ చేశాడు. పూజలు చేసేది నేను, నియమాలు పెట్టేది ఆయన.

ఆ శనివారం ఆఫీసు నుంచి వస్తూ నూడుల్స్ ప్యాకెట్ తెచ్చాడు. "జల్ది చెయ్యి, పది నిమిషాల పని" అన్నాడు. చేతికందే మంచినీళ్ల గ్లాసు కోసం కూడా నన్ను పిలిచే మనిషికి వంటింటి నిమిషాలు బాగానే తెలుసు!

నూడుల్స్ ఉడికించి, వార్చి, చన్నీళ్లు పోశాను. పెద్ద మంట మీద క్యాబేజీ, క్యారెట్, పచ్చిమిర్చి వేయించి, సోయా సాస్ పోసి కలిపి, పళ్లెంలో పెట్టి ఇచ్చాను.

ఒక్క చెంచా తిని మొహం చిట్లించాడు.

"గిదేంది, గింత సప్పగున్నది? యాకుత్‌పురా స్టేషన్ కాడ బండోడు రెండు గుడ్లు కొట్టి చేస్తడు, మస్తుంటది. నిన్న గూడ..." అని టక్కున ఆగిపోయాడు.

నేను పక్కనే కూర్చున్న మా అత్త వైపు చూశాను. నెల మొదలైనప్పటి నుంచీ జపమాల వదలని ఆవిడ, ఆ మాల పక్కన పెట్టి కొడుకు మీద మండిపడింది.

"నిన్న గూడ పోయినవారా? మరి మొన్న తెచ్చినట్టు నాకొక పొట్లం ఎందుకు తేలే?"