పెయ్రాస్ కనుమకు అటువైపు

రోడ్డు పక్కన పసుపుతల కిలోమీటరు రాయి మీద ‘ఇంకా ఆరు’ అని ఉంది. ఆంసెల్మ్ దాన్ని చూడనట్టు నటించి తొక్కుతూ పోయాడు. డెబ్బై రెండేళ్ళవాడు, కుడి మోకాలు అరిగిపోయినవాడు, రాయిని చూడనంత మాత్రాన దూరం తగ్గుతుందా? తగ్గదు. యాభై ఏళ్ళుగా ఈ కొండల్లో సైకిలు తొక్కుతున్న మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాలా?

వెనక పది గజాల్లో అతని భార్య సొలాంజ్ వస్తోంది. ఆమెకు అరవై తొమ్మిది. పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆమె సైకిలు గొలుసు కిర్రుమంటోంది. పొద్దున ఆరున్నరకు కింద ఊళ్ళో కారు ఆపి బయలుదేరినప్పటి నుంచీ ఆ కిర్రు అతని చెవిలోనే ఉంది.

"గొలుసుకి నూనె వెయ్యమన్నానా లేదా?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"నీ మోకాలికి వేసేటప్పుడు మిగిలితే దీనికీ వేయిద్దాంలే," అంది.

మోకాలికి సెప్టెంబరులో ఆపరేషను. ఆ తర్వాత కనుమలు మర్చిపొమ్మని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. అంటే అతనికి మిగిలింది ఈ ఒక్క వేసవే. ఆ వేసవిలోనూ కాలు సహకరించేది ఇంకొక్క కనుమకే. ఏ అందమైన కనుమనో ఎంచుకోక, చుట్టూ బోడిరాళ్ళు తప్ప ఏమీ లేని పెయ్రాస్‌ను ఎందుకు ఎంచుకున్నాడో అతను ఎవరికీ చెప్పలేదు. "చూసి చాన్నాళ్ళయింది, ఊరికే," అన్నాడు ఇంట్లో. సొలాంజ్ ఏమీ అడగకుండా రొట్టె కోసి, మధ్యలో సాసేజి ముక్కలు పెట్టి కట్టింది.

అసలు సంగతి ముప్పై ఒక్క ఏళ్ళ నాటిది. వాళ్ళ లోయలో ఒక సైకిల్ సంఘం ఉంది. సొంత కాళ్ళతో నూరు కనుమలు ఎక్కినవాళ్ళకు అందులో పెద్ద గౌరవం. తొక్కి ఎక్కొచ్చు, దిగి నడిపించుకుంటూ ఎక్కొచ్చు, దారి లేనిచోట భుజాన మోసుకునీ ఎక్కొచ్చు. ఇంకొకరి చక్రాల మీద మాత్రం ఎక్కకూడదు. సాక్ష్యం ఎవరూ అడగరు, మాటే చాలు. నవంబరులో జరిగే విందులో నూరు పూర్తయిన మనిషి లేచి నిలబడి, చేత్తో రాసుకున్న జాబితాలోని నూరు పేర్లూ పైకి చదవాలి. చదివినంతసేపూ ఎవరూ గ్లాసు ముట్టరు.

ఆంసెల్మ్‌కు నూరోది పెయ్రాస్. ఆ రోజు సొలాంజ్ కూడా వెంటే ఉంది. ఇంకా రెండు కిలోమీటర్లుందనగా వడగళ్ళు మొదలయ్యాయి. పైనున్న కొట్టాల్లో పాలు పోయించుకోవడానికి వెళ్తున్న లారీ ఒకటి పక్కనే ఆగింది. ఇద్దరూ ఖాళీ క్యాన్ల మధ్య సైకిళ్ళు పడేసి ఎక్కి కూర్చున్నారు. కనుమ బోర్డుకు ఇంకా రెండు వందల గజాలుందనగా దిగి, తొక్కుకుంటూ వెళ్ళి ఫోటో తీయించుకున్నారు. ఆ నవంబరులో ఆంసెల్మ్ లేచి నూరు పేర్లూ చదివాడు. "నూరు, పెయ్రాస్, నా భార్యతో కలిసి," అన్నాడు. నలభై మంది చప్పట్లు కొట్టారు. కొందరు సొలాంజ్ వైపు తిరిగి, మరి నీదో అని అడిగారు. "నాకింకా ఒకటి తక్కువ," అందామె. ఏది తక్కువని ఆంసెల్మ్ అడగలేదు. తను ఒంటరిగా ఎక్కినవీ, ఆమె ఒంటరిగా ఎక్కినవీ కొన్నున్నాయి కాబట్టి లెక్కలో ఆ తేడా వచ్చుంటుందని సరిపెట్టుకున్నాడు.

ఆ తర్వాత కూడా ఏటా వేసవిలో ఇద్దరూ కనుమలెక్కుతూనే ఉన్నారు. కానీ సొలాంజ్ ఒక్కదానికీ చివరిదాకా రాలేదు. బోర్డు కనబడేంత దూరంలో, ఇంకో పది అడుగులుందనగా సైకిలు పడుకోబెట్టి, ఏదో ఒక రాయి చూసుకుని కూలబడేది. "కాళ్ళు పీకుతున్నాయి, నువ్వెళ్ళిరా," అనేది. అతను పైకెళ్ళి, అక్కడున్న ఎవరో ఒకరి చేత ఫోటో తీయించుకుని తిరిగొచ్చేవాడు. కారు ఎప్పుడూ కిందే ఉండేది కాబట్టి వచ్చిన దారినే దిగిపోయేవారు. "అటువైపు ఎలా ఉంది?" అని ప్రతిసారీ అడిగేది. "ఏముంటుంది, రాళ్ళూ మబ్బూ," అనేవాడతను. సంఘంలో ఆమెకు ‘తొంభై తొమ్మిది సొలాంజ్’ అని పేరు పడిపోయింది. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది మొగుడే.

ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో అతను ఇంకో నూట పద్నాలుగు కనుమలెక్కాడు. ఎన్ని ఎక్కితే ఏం, ఆ పాల లారీ ముల్లు మాత్రం లోపల అలాగే ఉండిపోయింది. ఏ నవంబరులో ఎవరు లేచి జాబితా చదివినా అతనికి తలదించుకోవాలనిపించేది. అందుకే కాలు కత్తి కిందికి వెళ్ళేలోగా పెయ్రాస్‌ను నిజంగా ఎక్కితే చాలనుకున్నాడు. ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎక్కితే చాలు.

‘ఇంకా నాలుగు’ రాయి దగ్గర తొట్టిలోకి నీళ్ళు పడుతున్న చోట ఆగారు. ఆంసెల్మ్ రొట్టె కొరికాడు. మోకాలు ఉబ్బి నున్నగా అయింది. సొలాంజ్ చన్నీళ్ళలో రుమాలు తడిపి దాని మీద వేసింది.

"వెనక్కెళ్దామా?" అంది.

"లేదు."

"ఊరికే చూడ్డానికేగా వచ్చింది. ఇక్కణ్ణుంచీ కనబడుతోంది, చూసెయ్."

ఆమె చీజ్ ముక్క ఒకటి కోసి అతని చేతిలో పెట్టి, కత్తి తుడుచుకుని మడిచింది.

‘ఇంకా రెండు’ రాయి దగ్గర ఆ కాలు ఇక వంగనంది. పెడలు పైకి రావడం లేదు. ఆంసెల్మ్ దిగాడు, దిగడమంటే సైకిలుతో సహా రోడ్డు పక్కకు ఒరిగిపోయాడు. సరిగ్గా వడగళ్ళు కురిసిన చోటే. గోడ అదే, మలుపు అదే. ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టుంది. ఇన్నేళ్ళూ మోసింది ఒక్కసారిగా దించేసి ఇక్కడే పడుకోవాలనిపించింది.

కింద నుంచి తెల్లటి వ్యాను ఒకటి ముక్కుతూ వచ్చి పక్కనే ఆగింది. పైనున్న కొట్టాల నుంచి చీజ్ దింపుకొచ్చే వ్యాను. డ్రైవరుకు ముప్పై ఏళ్ళుంటాయి. కిటికీలోంచి తల బయటపెట్టి ఆంసెల్మ్ కాలు చూశాడు.

"ఏంటి పెద్దాయనా, ఈ కాలేసుకుని ఇంత దూరం వచ్చావా? ఇంట్లో వద్దని చెప్పేవాళ్ళే లేరా?"

"ఉన్నారు, ఆ పక్కనే ఉంది," అన్నాడు ఆంసెల్మ్.

"అయితే అమ్మా, నువ్వైనా చెప్పు. ఎక్కండి, పైకే పోతున్నా. సైకిళ్ళు వెనక పడేద్దాం. ఐదు నిమిషాల్లో దింపేస్తా."

వెనక తలుపు తెరిచాడు. లోపల ఖాళీ బల్లలు, పాల వాసన. ఆంసెల్మ్ చెయ్యి తనకు తెలియకుండానే తలుపు మీదికి వెళ్ళింది. ఎవరు చూశారు, ఎవరు అడుగుతారు అనుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందా ఇదే అనుకున్నాడు.

"కావాలంటే ఆయన్ని ఎక్కించుకో బాబూ," అంది సొలాంజ్, సైకిలు హ్యాండిలు వదలకుండా. "నేను మాత్రం ఈసారి ఎక్కను."

ఈసారి అన్న మాట దగ్గర ఆంసెల్మ్ ఆగిపోయాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వెళ్ళవయ్యా," అన్నాడు డ్రైవరుతో. "మేం నడిచొస్తాం."

"నీ ఇష్టం. నేను దిగొచ్చేసరిక్కూడా ఇక్కడే ఉంటారు చూడు," అని అతను వ్యాను పోనిచ్చాడు.

ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ బయలుదేరారు. ఆంసెల్మ్ హ్యాండిలు మీద బరువంతా వేసి, మంచి కాలు ముందు పెట్టి, చెడ్డ కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. ఒక మలుపు దాటారు.

"నేనిక్కడికి ఎందుకొచ్చానో నీకు తెలుసా?" అన్నాడు చివరికి.

"ఎందుకు తెలీదు? ఆ లారీలో నేనూ ఉన్నానుగా."

"ఇన్నేళ్ళలో ఒక్క మాటన్నావా?"

"అనాల్సింది నేనా? నువ్వే చెబుతావని చూశా. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అనుకుంటూ చూశా. చూసి చూసి విసుగొచ్చింది ఆంసెల్మ్."

ఆమె గొంతులో కోపం లేదు, అలుపుంది. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

"అంటే నీ తొంభై తొమ్మిదిలో..."

"పెయ్రాస్ లేదు. ఎక్కంది ఎలా రాసుకుంటాను?"

"మరి ఇంకోటి ఎక్కి నూరు చేసుకోవచ్చుగా? నూట పద్నాలుగింటికి వచ్చావు నాతో."

"చేసుకుంటే లేచి చదవాలిగా. నువ్వేమో నా భార్యతో కలిసి పెయ్రాస్ ఎక్కానని నలభై మంది ముందు చదివేశావు. నా జాబితాలో అది లేకపోతే ఏమనుకుంటారు? ఉంటే అబద్ధం, లేకపోతే నిన్ను దొంగని చేసినట్టు. అందుకే అక్కడే ఆగిపోయా. పది అడుగుల ముందు కూర్చుంటే ఏ గొడవా ఉండదు."

ఆంసెల్మ్‌కు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, పక్కన నడుస్తున్న మనిషి మొహం చూడలేనంత సిగ్గు. ఆమె కాళ్ళు పీకడం మీద ఎన్ని పెళ్ళివిందుల్లో ఎంతమందిని నవ్వించాడో గుర్తొచ్చింది.

పైకి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మబ్బు దిగుతోంది. పెయ్రాస్ బోర్డు కనబడగానే సొలాంజ్ అలవాటు కొద్దీ ఆగి, సైకిలు గడ్డిలో పడుకోబెట్టి, ఒక రాయి మీద కూర్చుంది. ఆంసెల్మ్ చూసుకోకుండా కుంటుతూ ముందుకెళ్ళిపోయాడు. బోర్డు కర్ర పట్టుకున్నాక తిరిగి చూశాడు. ఎక్కాడు. సొంత కాళ్ళతో ఎక్కాడు. తీరా ఎక్కాక మనసుకు ఏమీ అనిపించలేదు.

సైకిలు అక్కడే వదిలేసి, ఆ పది అడుగులూ వెనక్కి దిగాడు. దిగడమే మోకాలికి ఎక్కువ నరకం. వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"రావే," అన్నాడు.

"వచ్చి?"

"నవంబరులో లేచి చెప్పేస్తాను. లారీ సంగతి, అందరి ముందూ."

"సగం మంది పోయారు. మిగతా సగానికి చెవులు వినబడవు."

"గట్టిగా చెబుతాను."

సొలాంజ్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, అతనికి చెయ్యి ఇచ్చి లేపింది. ఇద్దరూ కలిసి ఆ పది అడుగులూ నడిచారు. ఆమె బోర్డును ముట్టుకోలేదు. దాన్ని దాటి నాలుగడుగులు ముందుకెళ్ళి, రోడ్డు అంచున నిలబడి అటువైపు లోయలోకి చూసింది. బోడి రాళ్ళు, మధ్యలో ఒక చిన్న మడుగు, మడుగు ఒడ్డున ఎవరివో గొర్రెలు. అటువైపు దిగే రోడ్డు మూడు మలుపులు తిరిగి మబ్బులోకి పోయింది. వెళ్దామని ఆంసెల్మ్ రెండుసార్లు అన్నా ఆమె కదల్లేదు.

"ఆ రోజు వడగళ్ళలో నాకేమీ కనబడలేదు. మడుగుందని నువ్వూ చెప్పలేదే," అంది.

"చూసినట్టు లేదు."

"ఆమధ్య నువ్వెక్కిన ఆన్యెల్ కనుమకు అటువైపు ఇటలీ కదా. ఎలా ఉంటుంది?"

ఆంసెల్మ్ చెప్పబోయాడు. బోర్డు గుర్తొచ్చింది, ఫోటో తీసిన జర్మన్ మనిషి టోపీ గుర్తొచ్చింది. ఇటలీ గుర్తు రాలేదు. ఇంకో కనుమను తలుచుకున్నాడు, మరోదాన్ని తలుచుకున్నాడు. నూట పద్నాలుగింటిలోనూ బోర్డుకు ఆనుకుని కెమెరా వైపే నిలబడ్డాడు. అటువైపు ఎప్పుడూ వీపే ఉంది.

"రాళ్ళూ మబ్బూనా?" అంది సొలాంజ్.

"తెలీదు," అన్నాడు ఆంసెల్మ్. "చూడలేదు."