చెల్లెలికి వచ్చిన భాష

మెట్ల మలుపు దగ్గర బకెట్టు దించి, తడిగుడ్డ గట్టిగా పిండి, ఆమె మళ్ళీ నేల మీదికి వంగింది. లాడ్జివాళ్ళు పొడుగు కర్ర ఉన్న మాప్ కొనిచ్చారు గానీ, అది మూలలకు పోదని ఆమె దాన్ని గోడకు ఆనించి వదిలేసింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ అరచెయ్యి నేలకు ఊతంగా పెట్టి, కుడిచేత్తో అర్ధచంద్రాకారంగా తుడుచుకుంటూ వెనక్కి జరుగుతుంది. ఏళ్ళ తరబడి ఫినాయిలు నీళ్ళలో నాని ఆమె వేళ్ళ కొసలు పాలిపోయి ముడతలు పడ్డాయి. మోకాళ్ళ మీద నల్లగా కాయలు కాశాయి.

లాడ్జిలో అందరూ ఆమెను "మూడో అంతస్తు" అనే పిలుస్తారు. మొదట్లో దాని చివర "అక్క" అని ఉండేది. వాడగా వాడగా అది అరిగిపోయింది. "మూడో అంతస్తూ, దుప్పట్లు మార్చావా?" అని మేనేజరు కింద నుంచే కేకేస్తాడు. ఆమె పైనుంచి "ఆఁ" అంటుంది. పొద్దున్నుంచి పని దిగేదాకా ఆ "ఆఁ" తప్ప ఇంకో మాటతో పని పడని రోజులు చాలానే ఉంటాయి.

పెద్దాసుపత్రికి ఎదురుగా ఉన్న లాడ్జి అది. అక్కడికి సరదాకి ఎవరూ రారు. వచ్చినవాళ్ళ కళ్ళు ఎప్పుడూ ఎక్స్‌రేల మీదో ఫోన్ల మీదో ఉంటాయి. గది తుడిచే మనిషికి దారి ఇవ్వాలన్న ధ్యాస కూడా వాళ్ళకు ఉండదు. పాదాలు ఎత్తి మంచం మీద పెట్టుకుంటారు, అంతే. ఆమెకూ ఎవరి మీదా కోపం లేదు. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. సంత వెనకాల ఒంటిగదిలో ఉంటుంది. నా అనేవాళ్ళలో మిగిలింది వేరే ఊళ్ళో బట్టలు కుట్టుకుని బతికే చెల్లెలు ఒక్కతే. అదీ ఎప్పుడో గుర్తొస్తే ఫోన్ చేస్తుంది. "తిన్నావా?" "తిన్నా. నువ్వు?" అక్కడితో ఇద్దరికీ మాటలు అయిపోతాయి.

చివరి గదిలోకి అరబ్బులు దిగుతున్నారని తెలిసిన రోజు లాడ్జి అంతా అదే కబురు. "వాళ్ళ ఇళ్ళల్లో కుళాయిలు కూడా బంగారమేనట" అన్నాడు చాకలి. "నలుగురు పెళ్ళాలుంటారు. ఈయన తెచ్చింది ఎన్నోదాన్నో!" అన్నాడు వాచ్‌మన్. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చెల్లెలు వయసులో ఉండగా ఆ దేశాల్లో ఇంటిపనికి వెళ్ళి, ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలిన మచ్చతో తిరిగొచ్చింది. ఆ మచ్చ చూసిన రోజే ఆమె లోపల ఒక తలుపు మూసుకుపోయింది.

"ఆ గది పని ఇంకెవరికైనా ఇవ్వండి సార్" అని మేనేజరును అడిగింది.

"దుప్పట్లు మార్చడానికి వాళ్ళ వంశవృక్షం దేనికమ్మా నీకు? వెళ్ళు, వెళ్ళు."

మొదటి రోజు చీపురును కర్రలా పట్టుకునే లోపలికి వెళ్ళింది. పొడుగ్గా, వెనక నుంచి ఎవరో నొక్కినట్టు కొంచెం వంగిపోయిన ముసలాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పాదాల దాకా ఉన్న తెల్లటి అంగీకి మోచేతి దగ్గర మాసిక వేసి ఉంది. కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని, "ఏం బావా, బాగున్నావా?" అన్నాడు.

ఆమె చేతిలోని చీపురు జారింది.

తర్వాత తెలిసింది, ఆయన షేకూ కాదు, బంగారం కుళాయిలూ లేవు. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. డిపోలో మనవాళ్ళు చాలామంది పనిచేసేవాళ్ళట. వాళ్ళ దగ్గరే మన మాటలు పట్టుకున్నాడు. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు "బావా" అనుకోవడం విని, అది "అయ్యా" లాంటి మర్యాద మాట అనుకున్నాడు. ఆడైనా మగైనా ఆయనకు అందరూ బావలే. తాను ఈ జన్మలో ఒకరికి బావనవుతానని ఆమె కలలో కూడా అనుకోలేదు. తప్పని చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, చెప్పబుద్ధి కాలేదు.

ఆమె తుడవడం మొదలుపెట్టగానే ఆయన కుర్చీ ఎత్తుకుని వరండాలోకి వెళ్ళి, తలుపు బార్లా తెరిచి ఉంచి, గదికి వీపు పెట్టి కూర్చున్నాడు. పనిమనిషి ఉన్న గదిలో కూర్చోవడం నామోషీ కాబోలు అనుకుంది. రోజూ అంతే. పరాయి ఆడమనిషి వంగి పనిచేస్తుంటే గదిలో మగవాడు ఉండకూడదని ఆయన వెళ్ళిపోతున్నాడని అర్థమవడానికి ఆమెకు వారం పట్టింది. అర్థమైన రోజు చేతిలోని గుడ్డ కాసేపు ఆగింది. అన్నేళ్ళ ఉద్యోగంలో అలా లేచి వెళ్ళినవాడు ఇంకొకడు లేడు.

ఆయన భార్య నల్లటి ముసుగులో వచ్చింది. తలుపు దగ్గర అది తీసి కొక్కేనికి తగిలించాక చూస్తే, గువ్వపిట్టంత మనిషి. వైద్యానికి జుట్టంతా రాలిపోయింది. ఆడపిల్లల బడిలో లెక్కల టీచరట. మంచం మీద నుంచి ఆవిడ అడుగుతుంటే, వరండాలోంచి ఆయన వెనక్కి తిరగకుండానే ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేవాడు. ఒకరోజు ఆమె ధైర్యం చేసి, "మీ ఆయనకు నలుగురు భార్యలా?" అని అడిగేసింది. ఆ ప్రశ్న ఆయనే అనువదించాల్సి వచ్చింది. ఆవిడ పడీ పడీ నవ్వి ఏదో అంది.

వరండాలోంచి నీరసంగా జవాబు వచ్చింది. "ఈ ఒక్కడికి లెక్కలు నేర్పలేకే చచ్చాను, ఇంకో ముగ్గురొచ్చి ఏం నేర్పుతారు అంటోంది బావా. ఉన్నదున్నట్టు చెప్పమంటోంది."

అన్నిటికంటే ఆమెకు వింతగా తోచింది వాళ్ళ పలకరింపు. బాగున్నావా, ఆరోగ్యం బాగుందా, నిద్ర పట్టిందా, ఇంట్లోవాళ్ళు బాగున్నారా, మీవాళ్ళంతా కులాసాయేనా? అన్నిటికీ జవాబు వస్తే తప్ప ఇంకో మాట ఎత్తరు. మొదట్లో విసుగేసింది. లేని ఇంటికీ లేని మనుషులకూ "బాగున్నారు" అని తల ఊపేసేది. పోనుపోను తలుపు తట్టే ముందే ఆ ప్రశ్నల కోసం చెవి సిద్ధమయ్యేది. పలకరింపు అయ్యాక చిట్టి గిన్నెలాంటి కప్పులో యాలకుల కాఫీ పోసేవాడు. మొదటి కప్పు ఆమెకే. లాడ్జిలో ఆమె టీ తాగే గ్లాసు మెట్ల కింద మేకుకు వేరుగా వేలాడుతుంటుంది. ఇక్కడ మంచం అంచును తట్టి కూర్చోమనేవారు. కప్పు ఖాళీ అయినప్పుడల్లా ఆయన మళ్ళీ నింపేవాడు. కాదంటే ఏమనుకుంటారోనని తాగి తాగి గుండె దడదడలాడిన రోజు, ఆవిడే ఆమె మణికట్టు పట్టుకుని కప్పును అటూ ఇటూ ఊపించింది. చాలు అని చెప్పడం అలాగట.

ఈ రోజు మెట్లు ముగించి చివరి గదికి వచ్చేసరికి పొద్దెక్కింది. మధ్యాహ్నం ఆవిడ ఆసుపత్రికి వెళ్ళాలి. దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం మైనంలా పాలిపోయింది. అయినా పలకరింపు మానలేదు. ఆయాసపడుతూనే ఒక్కొక్కటీ అడిగింది.

"మీవాళ్ళంతా కులాసాయేనా అంటోంది" అని వరండాలోంచి వినబడింది.

రోజూ అనే "బాగున్నారు" ఆ పూట నోటికి రాలేదు. ఎందుకో ఆమెకే తెలియదు. తడిగుడ్డ బకెట్లో పడేసి నేల వంకే చూస్తూ అంది.

"మావాళ్ళంటే ఒక్క చెల్లెలే. అది కులాసాగా లేదు. మీ దేశం పనికెళ్ళి చెయ్యి కాల్చుకుంది. కాల్చుకోవడం కాదు, కాల్చారు. మీవాళ్ళే."

వరండాలో కుర్చీ కిర్రుమంది. ఆయన అనువదించలేదు. ఆవిడ ఏమిటని అడిగింది. మళ్ళీ గొంతు పెంచి అడిగింది, క్లాసులో అల్లరి పిల్లను గద్దించినట్టు. అప్పుడు ఆయన చాలా మెల్లగా, మాట మాటకూ ఆగి చెప్పాడు.

మేమందరం అలాంటివాళ్ళం కాము అంటారని ఎదురుచూసింది. దానికి జవాబు కూడా వెతుక్కుంది. ఆవిడ ఆ మాట అనలేదు. ఏ ఊరు అని మాత్రం అడిగింది. తర్వాత ఆమె ఫోన్ కోసం చెయ్యి చాపి ఏదో అంది.

"ఫోన్ చెయ్యమంటోంది బావా. మీ చెల్లెలికి. ఇంట్లో ఉప్పు తిన్న మనిషికి ఆ ఇంటివాళ్ళు కాపలా ఉండాలి, వాళ్ళే చేటు చేస్తే సిగ్గు మాకందరికీ అంటోంది. క్షమించమని అడగాలట."

"వద్దులెండి. మానిన పుండు రేపడం ఎందుకు?" అంది గానీ, ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె నంబరు కలిపింది.

ఫోన్ మోగీ మోగగానే చెల్లెలు ఎత్తింది. వెనక కుట్టుమిషను చప్పుడు.

"ఏంటక్కా ఈ వేళప్పుడు? ఒంట్లో బాగుందా?"

"నేను బాగానే ఉన్నా. ఇక్కడ ఒకావిడ నీతో మాట్లాడాలంటోంది. అరబ్బావిడ."

మిషను ఆగిపోయింది.

ఆవిడ ఫోన్ అందుకుని, స్పీకరు నొక్కి ఒక్క వాక్యం అంది. అవతల ఎంతసేపటికీ సడి లేదు. పెట్టేసింది కాబోలు అని ఆమె చెయ్యి చాపబోయింది. అంతలో ఫోన్లోంచి చెల్లెలి గొంతు వినిపించింది. ఆ భాషలో. మొదట తడుముకుంటూ, తర్వాత గడగడా. పెళ్ళిళ్ళలో కూడా మూల చూసుకుని కూర్చునే చెల్లెలు, నాలుగు మాటలకే నీళ్ళు నమిలే చెల్లెలు, గొంతు లోతుల్లోంచి వచ్చే ఆ గరుకు శబ్దాలతో ఆపకుండా మాట్లాడుతోంది. మధ్యలో ఏడ్చింది. ఇవతల ఆవిడా ఏడ్చింది. అంతలోనే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది.

వరండాలో ముసలాయన లేచి నిలబడ్డాడు.

"బావా! నీ చెల్లెలు అచ్చం మా అమ్మమ్మలా మాట్లాడుతోంది! ఈ మాటలు ఇప్పుడెవరూ అనరు. పల్లెటూళ్ళో పాతకాలం ముసలమ్మలు అనేవాళ్ళు. ఎవరు నేర్పారు తనకి?"

ఆమెకేం తెలుసు? ఫోన్ చేతికొచ్చాక అదే అడిగింది.

చెల్లెలు ముక్కు ఎగబీల్చింది. "ఇస్త్రీపెట్టె పెట్టింది ఆ ఇంటావిడేనక్కా. అది అబద్ధం కాదు. కానీ ఆవిడకో అత్తగారుండేది. కళ్ళు కనబడవు. ఆ రోజు నా అరుపు విని గోడ పట్టుకుని వచ్చి, కోడలి చేతిలోంచి పెట్టె లాక్కుంది. ఆవిడ చెయ్యీ కాలింది. ఆ రోజు నుంచి నన్ను తన మంచం పక్కనే పడుకోబెట్టుకుంది. కొడుకుతో పోట్లాడి నన్ను విమానం ఎక్కించింది. నాకు వచ్చిన మాటలన్నీ ఆ ముసలమ్మవే."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదేమే?"

"ఎవరడిగారు? వచ్చిన రోజు అందరూ చెయ్యి చూసి ఏడ్చారు. నువ్వూ అంతే. మచ్చ చూసినవాళ్ళేగానీ, అక్కడ ఎలా ఉన్నావే అని అడిగిన వాళ్ళేరి?" మళ్ళీ తనే "ఈవిడ అన్నీ అడిగింది" అంది.

మంచం మీద ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, రేపు మళ్ళీ మాట్లాడాలి అన్నట్టు ఫోన్ వైపు వేలు చూపించింది.

మధ్యాహ్నం ఆవిడను చక్రాల కుర్చీలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆమె దుప్పటి మార్చి, దిండ్లు దులిపి, సాయంత్రం పని దిగి ఇంటికి వెళ్ళింది. ఆ రాత్రి వండుకోవాలనిపించలేదు.

తెల్లారి వచ్చేసరికి చివరి గదిలో పక్క వేసింది వేసినట్టే ఉంది.

"పోయిందటమ్మా. తెల్లవారుజామున" అన్నాడు మేనేజరు, ఎప్పుడూ లేనిది మెట్లెక్కి వచ్చి. "మసీదువాళ్ళు వచ్చారు. ఈ ఊళ్ళోనే మట్టి చేస్తారట."

ఆమె మెట్ల మలుపులో కూర్చుని చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు ఏడవలేదు. అలాంటప్పుడు ఆ భాషలో ఏమనాలో చెప్పింది. అవి ఆ ముసలమ్మ నోట విన్న మాటలే. ఆమె తిప్పి తిప్పి అంది. నోరు తిరగలేదు. నేల తుడుస్తూ అనుకుంది, బకెట్టు మోస్తూ అనుకుంది.

మధ్యాహ్నం దాటాక ముసలాయన వచ్చాడు. అంగీ అంచుకు ఎర్రమట్టి. ఆమెను చూసి ఆగి, చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు.

"బాగున్నావా బావా? ఆరోగ్యం బాగుందా? నిద్ర పట్టిందా? చెల్లెలు కులాసాయేనా?"

అన్నిటికీ జవాబు చెప్పింది. ఒక్కటీ వదలలేదు. ఆ తర్వాత చెల్లెలు నేర్పిన మాటలు తడబడుతూ అప్పజెప్పింది. ఎక్కడ విరవాలో తెలియక మధ్యలో విరిచేసింది. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆయన గడ్డం కదిలింది. ఆ భాషలోనే ఏదో బదులిచ్చాడు. ఆ బదులుకు అర్థం చెప్పడానికి వరండాలో ఇంకెవరూ లేరు.

గదిలోకి వెళ్ళినవాడు వెంటనే కుర్చీ ఎత్తుకుని బయటికొచ్చి, రోజూలాగే గదికి వీపు పెట్టి కూర్చున్నాడు, ఆమె తుడుచుకోవాలి కదా అని. తుడవడానికి ఆ గదిలో ఏమీ లేదు. అయినా ఆమె లోపలికి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, మూల మూలా తుడిచింది.

మర్నాడు ఆమె వచ్చేసరికే ఆయన వెళ్ళిపోయాడు. విమానం పొద్దున్నేనట.

"మూడో అంతస్తూ, చివరి గది ఖాళీ! సాయంత్రానికి వేరేవాళ్ళొస్తున్నారు" అని కింద నుంచి కేక వినిపించింది.

"ఆఁ" అంది.

గది తలుపు తీసింది. కిటికీ కడ్డీకి ఆవిడ పసుపురంగు గౌనొకటి ఆరేసి ఉంది, ఆసుపత్రివాళ్ళు తీసి ఇచ్చినది. ఆయనే ఉతికి, పిండి, ముడతలు లేకుండా రెండు భుజాలూ సమంగా లాగి వేశాడు. బయల్దేరే వేళకు ఆరి ఉండదు. దాని కింద స్నానాలగదిలోని బకెట్టు తెచ్చి పెట్టి ఉంది. గౌను అంచు నుంచి నీటిబొట్లు, ఆమె తుడిచిన నేల తడవకుండా, ఒక్కొక్కటే ఆ బకెట్లో పడుతున్నాయి.