రిజర్వాయరు పక్కన ఇల్లు

సిటీ బస్సు నడిపే అతణ్ణి డిపోలో అందరూ ‘మూడుముక్కలు’ అని పిలిచేవారు. ఈదడం, సైకిలు తొక్కడం, పరిగెత్తడం ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసే ఆ పోటీని ట్రయథ్లాన్ అంటారని అతను ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు నోరు తిరగలేదు. “మనం మూడుముక్కలాడితే పోలీసులు పట్టుకుంటారు, వీడాడితే మెడలో మెడల్ వేస్తారు” అని తోటి డ్రైవర్లు నవ్వుకునేవారు. అతనూ నవ్వేవాడు.

నలభై దాటాక నడుం నొప్పి పట్టుకుంటే, ఈత కొట్టమని డాక్టరు చెప్పాడు. అలా మొదలైంది. ఈత మరిగాక సైకిలు, సైకిలు మరిగాక పరుగు. మొదటి పోటీలో చివరి నుంచి రెండోవాడుగా వచ్చాడు. అయినా ఆ రోజు ఇంటికొచ్చి భార్య ముందు నిలబడినప్పుడున్నంత సంబరంగా పెళ్ళినాడు కూడా లేడని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

వాళ్ళుండేది నగరం నడిబొడ్డున, ఒక బట్టల కొట్టు మీది వాటాలో. ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. ఇద్దరి డ్యూటీలకూ, కూతురి బడికీ దగ్గరని పట్టుకున్న ఇల్లు అది. కార్పొరేషన్ ఈత కొలనులో పలకలు ఊడిపోయి ఉండేవి. సెలవుల్లో పిల్లలు చేరితే చేయి చాపడానికి చోటుండేది కాదు. పొద్దున్నే సైకిలు తీస్తే వీధికుక్కలు మలుపు దాకా సాగనంపేవి. పరుగంటే బడి ప్రహరీ చుట్టూ గానుగెద్దులా తిరగడమే. తనకో మంచి చోటుంటే ఎక్కడికో వెళ్ళేవాణ్ణని అతను గొణుక్కోని రోజు లేదు.

కూతురు కాలేజీ హాస్టల్లో చేరింది. ఆ వారమే అతను భార్యతో అన్నాడు.

“ఇంక ఇక్కడే పడుండాల్సిన పనేముంది? ఊరి బయటికెళ్దాం. వచ్చే ఏడు పెద్ద పోటీకి వెళ్ళాలంటే ఇలా కుదరదు.”

“మీరు ఇల్లు వెతుకుతున్నారా, మైదానం వెతుకుతున్నారా?” అంది ఆమె, వాచిన పాదాలు వేడినీళ్ళలో పెట్టుకుంటూ.

“రెండూ ఒకచోట దొరికితే వద్దంటావా?”

ఆమె వద్దనలేదు. రోజంతా వార్డులో నిలబడి వచ్చాక దేనికీ వద్దనే ఓపిక ఆమెకు మిగిలేది కాదు.

వెతికే పని బావమరిది మీద పడింది. అతను ఎలక్ట్రీషియను. ఏ పేటలో ఏ ఇల్లు ఖాళీ అయిందో వైరింగు పనికి వెళ్ళినప్పుడే తెలిసిపోయేది. మొదట ఒక కొత్త కాలనీలో ఇల్లు చూపించాడు. పక్కనే పెద్ద కొలనుంది కానీ గుమ్మంలోంచే లారీల రోడ్డు, సైకిలు మాట దేవుడెరుగు, రోడ్డు దాటడమే గండం. తర్వాత గుట్ట మీది ఇల్లు. చెట్ల మధ్య మట్టిబాట చూసి అతను ఉన్న బూట్లతోనే కాస్త దూరం పరిగెత్తి వచ్చాడు. బావమరిది కుళాయి తిప్పి చూశాడు. గాలి మాత్రం వచ్చింది.

“బావా, ఇక్కడ స్నానానికే దిక్కులేదు, నువ్వు ఈతకొట్టేదెక్కడ?”

మూడోది రిజర్వాయరు పక్కన, చిన్న టౌను చివర. మూడు గదులు, ముందు అరుగు. కట్ట దిగితే, ఈతకని తాడు కట్టి వదిలిన మూల. కట్ట మీద మైళ్ళకొద్దీ తిన్నని రోడ్డు, మోటారు బళ్ళకు ప్రవేశం లేదు. ఆ వెనక సరుగుడు తోపులో కాలిబాట. అతను గబగబా కట్ట దిగాడు. నీళ్ళకేసి చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

“డ్యూటీకెలా వెళ్తారు?” అని భార్య అడిగింది.

“డ్రైవర్ని పట్టుకుని ఆ మాటంటావేంటి? నాకు బస్సు దొరకదా?”

అక్కడ చిన్న నర్సింగ్ హోము ఉందని బావమరిది ముందే చెప్పాడు. ఒకరోజు ఆమె వెళ్ళి అడిగితే రమ్మన్నారు. రెండు వీధులు నడిస్తే చాలు.

చేరిన మొదటి ఆదివారం అతను తెల్లారకముందే నీళ్ళలో దిగాడు. బయటికొచ్చి సైకిలెక్కాడు. సైకిలు దిగి తోపులో పడ్డాడు. ఎండెక్కాక అరుగు మీద చతికిలబడి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. “ఇక్కడే ముసలాణ్ణయిపోతాను” అన్నాడు.

సోమవారం నుంచి అసలు కథ మొదలైంది.

పొద్దుటి డ్యూటీకి అందాలంటే చీకట్లోనే మొదటి బస్సు పట్టుకోవాలి. నగరం మొగదల కొత్త వంతెన కడుతున్నారు. అక్కడ బళ్ళన్నీ చీమల్లా పాకేవి. ఆ తర్వాత రోజంతా తన బస్సు. సాయంత్రం మళ్ళీ అదే వంతెన, ఈసారి కిటికీ పక్క సీట్లో. జీవితమంతా బస్సు నడిపినవాడికి మరొకడు నడిపే బస్సులో కూర్చోవడం నరకం. తెలియకుండానే కాళ్ళు బ్రేకులు తొక్కుతుండేవి. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేవారు. అన్నం కంచం ముందే కళ్ళు మూతలు పడేవి.

నగరంలో ఉన్నప్పుడు, చెత్త కొలనైనా వారానికి నాలుగైదుసార్లు దిగేవాడు. ఇక్కడ అన్ని నీళ్ళుండి కూడా ఆదివారం దాకా చేయి తడవలేదు. మెల్లగా ఆదివారాలూ పోయాయి. ఆ రోజు ఒళ్ళు మొద్దులా పడి ఉండేది. సైకిలు టైర్లు మెత్తబడ్డాయి. ప్యాంటు బిగువైంది.

ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఏరికోరి పట్టుకున్న ఇల్లు అది. అందుకని ఆదివారం పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని కట్ట దాకా వెళ్ళేవాడు. గడ్డిలో పడుకుని ఒక కునుకు తీసేవాడు. లేచి, దోసిళ్ళతో తల తడుపుకుని ఇంటికి వచ్చేవాడు.

“ఎలా ఉన్నాయి నీళ్ళు?” అని భార్య అడిగేది.

“బ్రహ్మాండంగా ఉన్నాయి.”

ఆమె పొడిగా ఉన్న తువ్వాలు తీసుకుని తీగ మీద ఆరేసేది.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం అతని బస్సు రైల్వే స్టేషను దగ్గరి వాలులో సిగ్నలు కోసం ఆగింది. బస్సు నిండా జనం. అతను బ్రేకు మీద కాలు పెట్టి ఎర్ర దీపం చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ దీపం కాస్తా లేకుండా పోయింది.

కండక్టరమ్మ ఊదిన విజిలు అతని చెవిలో ఎక్కడో దూరంగా వినబడింది. తర్వాత జనం కేకలు. కళ్ళు తెరిచేసరికి బస్సు కదులుతోంది. అద్దానికి అవతల ఒక తల్లి పిల్లను చంకనేసుకుని రోడ్డు దాటుతూ, బిగుసుకుపోయి అతని కళ్ళలోకే చూస్తోంది. బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. బస్సు ఆమె కొంగుకు తగిలీ తగలనట్టు ఆగింది. పిల్ల ఏడవలేదు కూడా. తల్లి ఒక్క మాట అనకుండా అవతలికి వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది అతనికి.

ఇంజను ఆపి కిందికి దిగి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. కండక్టరమ్మ నీళ్ళ సీసా తెచ్చిచ్చింది.

“ఎవరికీ ఏం కాలేదన్నా. కాస్త నీళ్ళు తాగి పోనియ్. డిపోలో టీ కోసం ఆగామనుకుంటారు.”

“నేను నడపనమ్మా. డిపోకి ఫోన్ చెయ్యి. వేరే డ్రైవర్ని పంపమను.”

డిపో మేనేజరు గదిలో నిలబడి, నిద్రపోయానని ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు తలుపు దగ్గరగా వేశాడు.

“ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు. ఎవరూ పడలేదు. నీ అంతట నువ్వొచ్చి ఎందుకు చెప్తున్నావయ్యా?”

“చెప్పకపోతే రేపు మళ్ళీ బండెక్కుతానండి.”

మేనేజరు పెన్ను మూత పెట్టాడు. “సరే. కొన్నాళ్ళు ఇంటిదగ్గరుండు. తర్వాత చూద్దాం” అన్నాడు.

పట్టపగలు ఇల్లు చేరడం అతనికి అదే మొదటిసారి. తాళం వేసి ఉంది. ఆ వారం ఆమెది మధ్యాహ్నం డ్యూటీ కదా, ఈపాటికి ఇంట్లోనే ఉండాలి. పక్కింటావిడ బట్టలు పిండుతూ, “కట్ట మీదికెళ్ళిందండీ, రోజూ వెళ్తుందిగా” అంది, అదేదో అతనికి తెలిసిన సంగతే అన్నట్టు.

కట్ట ఎక్కి చూశాడు. తాడు లోపల నలుగురు ఆడవాళ్ళు ఈదుతున్నారు. అందరికన్నా చివరున్న మనిషి చేతులు మరీ ఎత్తుగా లేపుతోంది, మెడ బిగుసుకుంటోంది, కాళ్ళు అడుగుకి దిగిపోతున్నాయి. అయినా మునగకుండా ముందుకు పోతోంది. నలభై దాటి మొదలుపెట్టినవాళ్ళు అలాగే ఈదుతారు. తనూ అలాగే ఈదాడు. ఆ మనిషి తన భార్య అని గుర్తుపట్టడానికి అతనికి కొంతసేపు పట్టింది.

పెళ్ళయినప్పటి నుంచి ఆమె మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగినట్టు అతనికి తెలియదు.

ఒడ్డుకొచ్చి, అతణ్ణి చూసి, ఆమె దొంగతనం బయటపడ్డట్టు నిలబడిపోయింది.

“ఇంత పెందలాడే వచ్చేశారేంటి? ఒంట్లో బాలేదా?”

“ఎప్పటి నుంచి?” అన్నాడతను.

“మనం వచ్చిన రెండో నెల నుంచి. వీళ్ళే నేర్పారు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “చెబుదామనే అనుకున్నా. మీరు దిగలేకపోతున్నారు కదా. మీ ముందు ఎలా చెప్పను?”

గడ్డిలో కూర్చుని అతను సిగ్నలు దగ్గర జరిగిందంతా చెప్పాడు. ‘కొంగుకు తగిలీ తగలనట్టు’ అన్నప్పుడు ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

“డిపో వెనకాల ఒక వాటా ఖాళీగా ఉందట. వెళ్ళిపోదాం” అన్నాడు చివరికి.

ఆమె నీళ్ళవైపు చూసింది. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి.

“మీ ప్రాణం కన్నా, ఆ పిల్ల ప్రాణం కన్నా నాకిది ఎక్కువ కాదు. వెళ్దామంటే రేపే సామాను సర్దుతా. కానీ ఒక్క మాట చెప్తా వినండి. ఇన్నేళ్ళూ మీ డిపో పక్కనో, అమ్మాయి బడి పక్కనో ఉన్నాను. ఇక్కడికొచ్చాకే నాకు కాళ్ళు వాయడం తగ్గింది. వెళ్ళేటప్పుడు ఏడుస్తాను. అప్పుడు మాత్రం ఎందుకేడుస్తున్నావని అడగొద్దు.”

ఇల్లు వెతికినప్పుడు అతను నీళ్ళు చూశాడు, రోడ్డు చూశాడు, తోపు చూశాడు. ఆమె పాదాలు మాత్రం చూడలేదు.

సామాను సర్దలేదు. అతను మేనేజరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. రిజర్వాయరు టౌను నుంచి దగ్గర్లోని చిన్న రైలు స్టేషను దాకా తిరిగే చిన్న బస్సొకటి ఉంది. పాతది, మెల్లగా పోతుంది. రిటైరవబోయేవాళ్ళనూ, కళ్ళు తగ్గినవాళ్ళనూ దాని మీద వేస్తారు. అది ఇప్పించమని అడిగాడు.

“సిటీ రూట్లో నీకున్న పేరేంటి, ఇదేంటి? అక్కడికి పోతే మళ్ళీ ఇటు రాలేవు” అన్నాడు మేనేజరు.

“తెలుసండి.”

డిపోలో సంగతి పాకింది. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన డ్రైవర్లలో ఒకడు “ఏరా మూడుముక్కలూ, ముక్కలు కింద పడేసి డ్రాప్ కొట్టావా?” అన్నాడు. అందరూ నవ్వారు. అతనికి ఆ రోజు నవ్వు రాలేదు.

పెద్ద పోటీకి ఆ ఏడు వెళ్ళలేదు. ఫీజు కట్టిన ఎంట్రీ రద్దు చేసుకున్నాడు. కొత్త రూటు మొదలైన కొన్ని వారాలు ఇంటికి రావడం, తినడం, పడుకోవడం, అంతే. పగటి వెలుగులో గోడవైపు తిరిగి నిద్రపోతున్న మొగుణ్ణి చూసి ఆమె కంగారుపడి, నర్సింగ్ హోములో రక్తపరీక్ష కూడా చేయించింది. డాక్టరు ఏ జబ్బూ లేదన్నాడు. అలసట అలా దిగుతుందట, ఎక్కినంత కాలమూ పడుతుందట.

ఒక ఉదయం ఆమె తువ్వాలు తీసుకుని బయల్దేరుతుంటే అతను కూడా లేచాడు. ఇద్దరూ కట్ట దిగారు. అతను నీళ్ళలో దిగి నాలుగు బారలు వేసేసరికే రొప్పు వచ్చింది. చేతులు తనవి కానట్టున్నాయి. ముందు ఆమె పోతోంది, మెడ బిగబట్టి, కాళ్ళు అడుగుకి వేలాడేస్తూ.

“ఆగు” అన్నాడు.

ఆమె తాడు పట్టుకుని వెనక్కి తిరిగింది. “ఏమైంది?”

“ఏం లేదు. తల నీళ్ళలో పెట్టు, అంత పైకెత్తకు. మెడ పట్టేస్తుంది.”

“మీరు ముందు ఊపిరి తీసుకోండి, పాఠాలు తర్వాత చెబుదురు గాని” అంది ఆమె.

అతను తాడు దగ్గరికి చేరి, పక్కనే వేలాడాడు. దూరంగా అవతలి ఒడ్డు రోడ్డు మీద పొద్దుటి చిన్న బస్సు వెళ్ళింది. ఇవాళ దాన్ని రెండో డ్రైవరు నడుపుతున్నాడు. తన వంతు మధ్యాహ్నం. ఊపిరి కుదుటపడ్డాక ఇద్దరూ నెమ్మదిగా ఒడ్డువైపు తిరిగారు.