నవ్వే బిళ్ళ

వేమగల్ ఫ్యాక్టరీలో కంపెనీ బస్సు దిగి, టోపీ సర్దుకుని, శివరాజ్ బోర్డు ముందు వరసలో నిలబడ్డాడు. బోర్డు మీద అందరి పేర్లూ, పేరు పక్కనొక కొక్కెం, కింద డబ్బాలో బిళ్ళలు. ఆకుపచ్చ బిళ్ళ నవ్వుతుంది, ఎర్ర బిళ్ళ ఏడుస్తుంది. పొద్దున ఎవరి మనసెలా ఉందో వాళ్ళు తగిలించుకోవాలి, సాయంత్రం తీసేయాలి. సముద్రాల అవతల కూర్చున్న కంపెనీ పెద్దలకు పనివాడి మనసు మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది మరి. కూలి పెంచడానికి పుట్టని ప్రేమ బిళ్ళలు కొనడానికి పుట్టింది. మేనేజరు ఆనంద్ నాయకత్వం నేర్చుకోవడానికి సింగపూరు పోయి, చేతులు కట్టుకుని ఫోటో దిగడం నేర్చుకొచ్చాడు.

పైన పటారం, లోన లొటారం అని అందరికీ తెలుసు. చూడకుండానే ఆకుపచ్చది తగిలించి పోయేవారు.

శివరాజ్ మాత్రం నమ్మాడు. పెట్టెలు మోసి మోసి కుడిభుజం కిందికి జారినవాడు, ఎవరి మాటకూ ఎదురు చెప్పనివాడు. తండ్రి తిమ్మప్ప కె.జి.ఎఫ్. బంగారు గనిలో పనిచేసిన మనిషి. అక్కడ దిగేవాళ్ళు కొక్కేనికి ఇత్తడి బిళ్ళ తగిలించి దిగేవారు. పైకొచ్చాక ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకోవాలి. ఒక్క బిళ్ళ మిగిలినా, ఆ మనిషిని వెతుక్కుంటూ జనం దిగేవారు. బిళ్ళ చూసి మనుషులొస్తారన్నది శివరాజ్‌కు ఇంట్లో నేర్పిన చదువు.

రాత్రి నుంచి రొమ్ము పట్టేసింది. ఎడమచెయ్యి లాగుతోంది. మొదటిసారి ఎర్రబిళ్ళ తగిలించి, పెట్టెలెత్తుతూ ఎదురుచూశాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు.

ఆనంద్ రానే వచ్చాడు.

"ఏంది శివరాజ్ ఇది? ఫారిన్ బాస్ వచ్చే పొద్దున ఎర్రది తగిలించినావే!"

"రొమ్ములో పట్టేసినట్టుండాది సార్. ఆస్పత్రికి పొయ్యొస్తాను."

"ఇంగ సాయంత్రం దాకా ఓర్చుకోప్పా. మనమంతా ఒగ ఫ్యామిలీ. పాజిటివ్‌గా ఉండాల."

"సరే సార్."

ఆనంద్ తన చేత్తోనే ఎర్రబిళ్ళ తీసి ఆకుపచ్చది తగిలించాడు. మధ్యాహ్నం దొర వచ్చి, నవ్వే బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చెమటతో తడిసిన చేతులతో శివరాజూ కొట్టాడు. సిగ్గులేని చప్పట్లవి.

సాయంత్రం బిళ్ళ తీయడం మరిచి, కమ్మీ పట్టుకుని మెల్లగా బస్సెక్కాడు. కె.జి.ఎఫ్.లో అందరూ దిగారు. కిటికీకి తల ఆనించిన శివరాజ్ దిగలేదు. డ్రైవరు భుజం తట్టేసరికి టోపీ జారి ఒళ్ళో పడింది.

"లేప్పా, ఊరొచ్చినాది," అన్నాడు డ్రైవరు, ఇంకా తెలియక.

మర్నాడు ఆనంద్ మైకు పట్టుకుని, కుటుంబంలో ఒకణ్ణి పోగొట్టుకున్నామని గొంతు వణికించాడు. పెట్టెల దగ్గర కొత్త మనిషి అప్పటికే నిలబడ్డాడు. బోర్డు మీద శివరాజ్ పేరు పక్కన, కొక్కేనికి, ఎవరూ తీయని ఆకుపచ్చ బిళ్ళ నవ్వుతూ వేలాడుతోంది.