బయటి మనిషి కావలెను

పాత గొడుగుల గుడ్డతో సంచులు కుట్టించే పని మా వదినది. విరిగిన గొడుగుల ఊచలు ఊడబెరికి గుడ్డ విడదీసే పని నాది. మిషన్లు అద్దెవి. నెలాఖరుకి పట్టుకుపోతానని ఓనరు చెప్పేశాడు. అందుకే ఒక విదేశీ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు మీద వదిన ఆశలన్నీ పెట్టుకుంది. పనిలో కొత్త ఆలోచన ఉండాలట, దాని ఫలం అందరికీ అందాలట. సంచులు చూసి కొత్తదనానికి ఒప్పుకున్నారు. చిక్కల్లా రెండోదానితోనే వచ్చింది.

"ఇదివరకు బయట ఉండిపోయిన మనిషిని ఎవరినైనా కలుపుకున్నారా అండీ? మా అధికారి వచ్చి ఆ మనిషితోనే మాట్లాడతారు" అంది గ్రాంటు ఆఫీసు అమ్మాయి ఫోనులో.

"మా కత్తిరింపు ఆవిడకి చెవులు వినపడవు. గుండీలు కుట్టే మామ్మకి డెబ్బై దాటాయి" అంది వదిన.

"వాళ్ళు ఎప్పుడు చేరారు?"

"మొదటి రోజే."

"అయితే వాళ్ళు బయటెప్పుడున్నారండీ?"

వదిన ఫోను పెట్టేసి తల పట్టుకుంది. "ముందే అందరినీ చేర్చుకోవడం నా బుద్ధితక్కువ."

మామ్మ దారం కొరికి, "నువ్వు బయట పెట్టిన మనిషి ఒకతె ఉంది కదే" అంది.

అందరూ నావైపు తిరిగారు. ఆ మనిషి మా ఆవిడ.

కొట్టు తెరిచిన రోజున, కొనడానికి వచ్చినవాళ్ళ ముందే మా ఆవిడ, "గుడ్డ బాగానే ఉంది, కుట్టే వంకర" అంది. "మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అంది వదిన. అప్పట్నుంచి తోటికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇటువి అటు, అటువి ఇటు మోసేది నేనే, అదీ సగం మింగేసి.

ఈ రాయబారమూ నా నెత్తినే పడింది. మా ఆవిడ కూర తరుగుతూ అంతా విన్నది.

"అంటే నన్ను గెంటేసినందుకు ఆవిడకి గ్రాంటు వస్తుందన్నమాట."

"గెంటేసినందుకు కాదే, మళ్ళీ పిలిచినందుకు."

"పిలిచిందెవరు, మీరా? ఆవిడ నోటితో పిలవమనండి."

సాయంత్రం వదిన వచ్చి మా గుమ్మంలో నిలబడింది. "రేపు కొట్టుకి వస్తే బాగుంటుంది" అంది గోడకేసి చూస్తూ.

"గోడెలా వస్తుందక్కా, దానికి కాళ్ళు లేవుగా" అంది మా ఆవిడ.

వదినకి నవ్వాగలేదు. "నువ్వే రావే తల్లీ. ఆ మిషన్లు పోతే ఇన్ని కొంపల్లో పొయ్యి వెలగదు."

"వస్తాను. నోటికి తాళం వేసుకుని మాత్రం రాను."

మర్నాడు అధికారి వచ్చారు. పొడుగాటి మనిషి, నేల మీది గొడుగు ఊచలని జాగ్రత్తగా దాటుకుంటూ నడిచారు. ఫోనులో మాట్లాడిన అమ్మాయే పక్కనుండి ఆయన మాటలు మాకూ, మా మాటలు ఆయనకూ చెబుతోంది. నిన్నెప్పుడు కలుపుకున్నారని మా ఆవిడని అడిగారు.

"ఇవాళ పొద్దున. మీరొస్తున్నారని."

ఆ అమ్మాయి ఆ మాట ఆయనకి చెప్పకుండా వదినకేసి చూసింది. మిషన్లన్నీ ఆగిపోయాయి.

"ఇది అబద్ధమాడదు, దీంతో వచ్చిన గొడవే అది" అంది వదిన చివరికి. "చెప్పమ్మా ఆయనకి. బయట పెట్టింది నేనే. పిలిచిందీ అవసరం పడే."

"ఇంకోటి కూడా చెప్పు" అంది మా ఆవిడ. "నెలాఖరుకి మిషన్లు పోతే వీళ్ళంతా బయటే. అప్పుడు ఆయనకి బయటి మనుషులకి కొదవుండదు."

అమ్మాయి చెప్పింది. అధికారి మామ్మ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

గ్రాంటు వచ్చింది. మిషన్లు మా సొంతమయ్యాయి. దాంతోపాటే ఒక షరతు: పథకం నడిచినంతకాలం కొత్త సభ్యురాలిని తీసెయ్యకూడదు, పని ఎలా సాగుతోందో ఆవిడ నోటే వింటారు.

ఆ షరతు నాచేత పైకి చదివించుకుని, మా ఆవిడ నేరుగా వెళ్ళి టేబుల్ ఫ్యాను ఎదురుగా ఉన్న మిషను ముందు కూర్చుంది. అది వదిన చోటు.

"ఇక నన్ను లేపడం నీ తరం కాదక్కా. పరాయి ప్రభుత్వం ఆర్డరు."

"లేపనులే" అంది వదిన, పక్క మిషను ముందు కూలబడుతూ. "ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పు."